ఎస్‌డీఏ ఏ డిస్కు పేరు?

బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకటి పదేళ్ల నాటిది, లోపల సాటా అనే పాత తరహా కనెక్షన్ ఉన్న డిస్కు. రెండోది కొత్తది, లోపల ఎన్‌వీఎంఈ అనే కొత్త తరహా ఎస్ఎస్‌డీ. రెండిట్లోనూ లినక్సే. ఒక పెన్‌డ్రైవ్ మీదికి కొత్త ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు నకలు ఫైల్) ఎక్కించాలి. కొత్త ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెడితే లినక్స్ లెక్కలో అది ఎస్‌డీఏ అయి కూర్చుంటుంది. లోపలి డిస్కు పేరు ఎన్‌వీఎంఈ0ఎన్1 కాబట్టి ఎస్‌డీ వరసలో మొదటి చోటు ఖాళీ. బైట్లను ఉన్నదున్నట్టు డిస్కు మీద రాసే డీడీ కమాండ్‌లో, ఎక్కడ రాయాలో చెప్పే 'ఓఎఫ్' పక్కన ఎస్‌డీఏ అని కొట్టి ఎంటర్ నొక్కితే నాలుగైదు నిమిషాల్లో పని పూర్తి. బాగా పని చేసింది కదా అని ఆ కమాండ్‌ని నోట్స్‌లో దాచుకుంటారు.

నెల తిరిగాక అదే అవసరం పాత ల్యాప్‌టాప్ దగ్గర పడుతుంది. నోట్స్ తెరిచి, కమాండ్ కాపీ చేసి, టెర్మినల్‌లో అతికించి ఎంటర్ కొడతారు. ఇక్కడ ఎస్‌డీఏ అంటే సిస్టమ్ మొత్తం ఉన్న డిస్కు. పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ. డీడీ ఏమీ అడగదు, ఏమీ వారించదు. మొదటి మెగాబైటు రాసేసరికే పార్టిషన్ టేబుల్ (డిస్కులోని భాగాల పట్టిక) పోయింది. కంట్రోల్ సీ నొక్కేలోపు ఫైళ్లను అమర్చిపెట్టే ఫైల్‌సిస్టమ్ ముందు భాగం కూడా పోయి ఉంటుంది.

జాగ్రత్తగా ఉండాల్సిందని అనేసి వదిలేయొచ్చు గానీ, అది సగం నిజమే. ఒకే మెషిన్‌తో బతికేవాళ్లకు ఈ ప్రమాదం ఏళ్ల తరబడి ఎదురుకాదు. ల్యాప్‌టాప్‌లు రెండో మూడో అయినప్పుడే, ఒకచోట అలవాటైన పేరు ఇంకోచోట వేరే వస్తువుని సూచిస్తుంది. తప్పు వేలిది అనుకుంటాం, కానీ అసలు చిక్కు ఆ పేరులోనే ఉంది.

ఆసుపత్రిలో ఇచ్చే టోకెన్ లాంటిది ఎస్‌డీఏ. ముందు వచ్చినవాళ్లకు ఒకటి, తర్వాత వచ్చినవాళ్లకు రెండు. రేపు వెళ్తే ఇంకో నంబరు, ఇంకో ఆసుపత్రికి వెళ్తే మరో నంబరు. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌కి ఏ డిస్కు ముందు కనబడితే దానికి ఎస్‌డీఏ, తర్వాతి దానికి ఎస్‌డీబీ. జెడ్ దాటితే ఎస్‌డీఏఏ. డిస్కులను ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా ఒకేసారి వెతికే పద్ధతి కెర్నల్‌లో పెరిగాక, ఒకే మెషిన్‌లో సైతం రెండు బూట్ల మధ్య ఈ వరస తారుమారు కావచ్చు. రెండు సాటా డిస్కులున్న ల్యాప్‌టాప్‌లలో, డీవీడీ డ్రైవ్ చోట క్యాడీ పెట్టి రెండో డిస్కు బిగించుకున్నవాళ్లకు ఇది అనుభవమే.

మరి టోకెన్‌ని శాశ్వతమైన పేరుగా నమ్మే అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? ఒకప్పుడు అది నిజంగానే దాదాపు శాశ్వతం. సాటాకి ముందున్న ఐడీఈ కేబుళ్ల రోజుల్లో ప్రైమరీ కేబుల్ మీది మాస్టర్ డిస్కు హెచ్‌డీఏ, దాని స్లేవ్ హెచ్‌డీబీ, సెకండరీ మాస్టర్ హెచ్‌డీసీ. మధ్యలో డిస్కు తీసేసినా మిగతావాటి పేర్లు కదిలేవి కావు, ఎందుకంటే పేరు కేబుల్‌లోని చోటుది. స్కజీ అనే ఇంకో రకం డిస్కుల ఎస్‌డీ వరస మాత్రం మొదటినుంచీ టోకెన్ లెక్కే. 2006 చివర్లో వచ్చిన 2.6.19 కెర్నల్‌తో లిబ్‌ఏటీఏ అనే కొత్త డ్రైవర్ల వరస పాత ఐడీఈ డిస్కులను కూడా స్కజీ గొడుగు కిందికి తెచ్చింది. 2007లో ఫెడోరా 7కి మారినవాళ్ల డిస్కులు హెచ్‌డీఏ నుంచి ఎస్‌డీఏ అయ్యాయి. ఉబుంటు అంతకుముందే, 2006 నాటి 6.10లోనే, బూట్‌లో ఏ డిస్కు ఎక్కడ తెరవాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో పేర్లు తీసేసి యూయూఐడీలు (ఫైల్‌సిస్టమ్‌కి పుట్టుకతో వచ్చే ప్రత్యేక గుర్తులు) రాయడం మొదలుపెట్టింది. చక్కగా ఒక ముక్కలో ఉండే పేరు పోయి, చదవడానికి నోరు తిరగని ముప్ఫై ఆరు అక్షరాల గొలుసు వచ్చిందని విసుక్కున్నవాళ్లు అప్పట్లో తక్కువేం కాదు. పాత ఐడీఈ డ్రైవర్ 2021లో 5.14 కెర్నల్‌తో పూర్తిగా వెళ్లిపోయింది. పేరు చూసి చోటు చెప్పగలిగే కాలం కూడా దానితోనే ముగిసింది.

ఎన్‌వీఎంఈ పేర్లు కాస్త వేరు. ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 అంటే సున్నా నంబరు కంట్రోలర్, దాని ఒకటో నేమ్‌స్పేస్ (కంట్రోలర్ ఒక డిస్కుగా చూపించే భాగం), అందులో రెండో పార్టిషన్. కంట్రోలర్ లెక్క సున్నాతో, నేమ్‌స్పేస్ లెక్క ఒకటితో మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లలో నేమ్‌స్పేస్ దాదాపు ఎప్పుడూ ఒకటే. పేరు చివర అంకె ఉంది కాబట్టి పార్టిషన్ నంబరు దానిలో కలిసిపోకుండా మధ్యలో 'పీ' పెట్టారు. ఆ ఒక్క అక్షరం ఎన్ని స్క్రిప్టులను విరిచిందో! డిస్కు పేరు తీసుకుని దాని చివర నేరుగా 1 అని అంటించే స్క్రిప్టు సాటా ల్యాప్‌టాప్‌లో ఎస్‌డీఏ1 అని సరిగానే తయారుచేస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎన్‌వీఎంఈ0ఎన్11 అని లేనిదాన్ని పుట్టిస్తుంది. నేమ్‌స్పేస్ పదకొండు అన్నమాట. అలాంటిది ఉండదు కాబట్టి స్క్రిప్టు ఎర్రర్‌తో ఆగిపోతుంది, బతికిపోతాం. చవక ల్యాప్‌టాప్‌లలో ఉండే ఈఎంఎంసీ స్టోరేజ్‌ది ఇంకో తీరు. అది ఎంఎంసీబీఎల్‌కే0, పార్టిషన్‌కి మళ్లీ పీ. ఎస్‌డీ కార్డు కూడా ఇదే వరసలోకి రావచ్చు కనుక, ఏది సున్నా ఏది ఒకటి అన్నది మెషిన్‌ని బట్టి మారుతుంది.

నెట్‌వర్క్ కార్డుల దగ్గరా ఇదే గొడవ ఉండేది. ఈటీహెచ్0, ఈటీహెచ్1 పేర్లు తారుమారవుతున్నాయని 2013లో, సిస్టమ్‌ని బూట్ చేసి నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్ నుంచి ఆ పేర్లనే మార్చేశారు. డిస్కులకు మాత్రం పాత పేర్లు ఉంచేశారు. తేడా ఎందుకంటే, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ ఫైల్ కాదు, దానికి సిమ్‌లింక్ (అదే ఫైల్‌కి దారితీసే ఇంకో పేరు) పెట్టలేం. డిస్కు మాత్రం డెవ్ డైరెక్టరీలో ఒక ఫైల్‌గా కనిపిస్తుంది. దానికి ఎన్ని మారుపేర్లయినా తగిలించవచ్చు. ఆ మారుపేర్లు తగిలించేది యూడెవ్. 2003లో పుట్టి, 2012లో సిస్టమ్‌డీలో కలిసిన ప్రోగ్రామ్ అది. డిస్కు కనబడగానే దాని వివరాలు చదివి, డెవ్ కింద డిస్క్ అనే డైరెక్టరీలో బై-ఐడీ, బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-పార్ట్‌యూయూఐడీ, బై-పాత్ అని వరసగా లింకులు కడుతుంది. అన్నీ చివరికి ఆ ఎస్‌డీఏకో ఎన్‌వీఎంఈ0ఎన్1కో దారి తీస్తాయి.

సమస్య తీరిపోయినట్టే కదా అనిపిస్తుంది. తీరలేదు. ఈ మారుపేర్లన్నీ ఒకే వస్తువు పేర్లు కావు. బై-ఐడీ అనేది ఇనుప డబ్బా పేరు: మోడల్, సీరియల్ నంబరు కలిపి కట్టినది. యూయూఐడీ, లేబుల్ ఆ డబ్బాలో పోసిన ఫైల్‌సిస్టమ్ పేర్లు. పార్ట్‌యూయూఐడీ లోపలి గోడలది, అంటే పార్టిషన్ టేబుల్‌ది. బై-పాత్ ఆ డబ్బా పెట్టిన అరది. డబ్బా మార్చి సరుకు ఉంచితే ఒక పేరు నిలుస్తుంది, సరుకు మార్చి డబ్బా ఉంచితే ఇంకోటి నిలుస్తుంది. ఏ పనికి ఏది నిలవాలో తేల్చుకోకుండా "ఎప్పుడూ యూయూఐడీ వాడండి" అని చెప్పే సలహా అందుకే అరకొరది.

పాత ల్యాప్‌టాప్ చెడిపోయి, దాని డిస్కుని తీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి కొత్తదానికి తగిలించారనుకుందాం. లోపల ఉన్నప్పుడు దాని బై-ఐడీ పేరు 'ఏటీఏ' అని మొదలై మోడల్, సీరియల్‌తో ఉండేది. ఎన్‌క్లోజర్‌లో అదే డిస్కు తరచుగా 'యూఎస్‌బీ' అని మొదలయ్యే పేరుతో వస్తుంది. కొన్ని ఎన్‌క్లోజర్ల చిప్ తన సొంత సీరియల్‌నే చూపిస్తుంది. మరీ చవకరకం అయితే ఒకే బ్యాచ్‌లోని ఎన్‌క్లోజర్లన్నిటికీ ఒకే సీరియల్ ఉంటుంది. అలాంటివి రెండు ఒకేసారి తగిలిస్తే లింక్ ఒకదానికే మిగులుతుంది. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ మాత్రం ఈ ప్రయాణంలో చెక్కుచెదరదు. అందుకే మౌంట్ చేయడానికి, అంటే డిస్కుని తెరిచి ఫైళ్లు వాడుకోవడానికి, యూయూఐడీ గానీ లేబుల్ గానీ నమ్మదగినది.

బై-పాత్ ల్యాప్‌టాప్‌లలో అంతగా పనికిరాదు. బయోస్‌లో ఇంటెల్ వీఎండీ అనే సెట్టింగ్ వేసినా తీసినా, అదే ఎస్ఎస్‌డీ పీసీఐ చిరునామా మారిపోతుంది. సున్నాలతో ఉండే డొమైన్ నంబరు కాస్తా 10000 అవుతుంది. డిస్కుని ఎవరూ ముట్టుకోలేదు, చిరునామా మాత్రం వేరే.

ఇక అసలు కథ క్లోనింగ్ దగ్గర. ఒక చిన్న ఆఫీసుకో కోచింగ్ సెంటర్‌కో ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు ఐదు వస్తాయి. ఒకదాంట్లో ఇన్‌స్టాల్ చేసి, కావలసినవన్నీ అమర్చి, ఆ డిస్కుని మిగతా నాలుగింటికీ డీడీతోనో క్లోనింగ్ ప్రోగ్రామ్‌తోనో దించేస్తారు. బిట్టుకి బిట్టు నకలు. యూయూఐడీలు, లేబుళ్లు, పార్టిషన్ టేబుల్ గుర్తులు ఐదింట్లోనూ ఒకటే. (మెషిన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా ఒకటే. అది వేరే తలనొప్పి.) ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ల దగ్గర ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ కనబడదు. ఏడాది తర్వాత ఒకటి బూట్ కావడం మానేస్తుంది. దాని డిస్కు తీసి పక్క ల్యాప్‌టాప్‌కి తగిలిస్తారు, డేటా కాపీ చేసుకుందామని. అప్పుడు ఒకే మెషిన్‌లో ఒకే యూయూఐడీతో ఇద్దరు తయారవుతారు. బై-యూయూఐడీ లింక్ ఎవరివైపు తిరుగుతుందో చెప్పలేం. ఆ స్థితిలో రీబూట్ చేస్తే రూట్‌గా, అంటే సిస్టమ్ నడిచే డిస్కుగా, ఏది మౌంట్ అవుతుందో కూడా చెప్పలేం. లాగిన్ అయి చూస్తే డెస్క్‌టాప్ మీద తమ ఫైళ్లు కనబడవు. ఫైళ్లు పోయాయని గుండె ఆగినంత పనవుతుంది. పోలేదు, ఇవి వేరే డిస్కులోని ఫైళ్లు.

ఇలాంటప్పుడు ఫైల్‌సిస్టమ్‌ని బట్టి ప్రవర్తన మారుతుంది. ఎక్స్ఎఫ్ఎస్ కాస్త తెలివైనది. అదే యూయూఐడీతో ఒకటి ఇప్పటికే మౌంట్ అయి ఉంటే రెండోదాన్ని ఒప్పుకోదు, 'నోయూయూఐడీ' ఆప్షన్ ఇచ్చి పట్టుబడితే తప్ప. ఈఎక్స్‌టీ4 కిక్కురుమనకుండా మౌంట్ చేసేస్తుంది. బీటీఆర్ఎఫ్ఎస్ దగ్గర ప్రమాదం ఎక్కువ. అది ఒకే ఫైల్‌సిస్టమ్‌ని పలు డిస్కుల మీద పరిచేందుకు కట్టినది గనక, ఒకే యూయూఐడీ ఉన్నవన్నీ తన ముక్కలేనని నమ్ముతుంది. నకలు, అసలు రెండూ ఒకేసారి కనబడకుండా చూసుకోవాలని దాని డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. క్లోన్ చేసిన రోజే పేర్లు మార్చేయడం తేలిక. ఈఎక్స్‌టీ4కి ట్యూన్2ఎఫ్ఎస్‌లో పెద్ద యూ ఆప్షన్‌కి 'ర్యాండమ్' అని ఇస్తే కొత్త యూయూఐడీ పుడుతుంది. ఎక్స్ఎఫ్ఎస్‌కి ఎక్స్ఎఫ్ఎస్_అడ్మిన్, బీటీఆర్ఎఫ్ఎస్‌కి బీటీఆర్ఎఫ్ఎస్‌ట్యూన్, స్వాప్‌కి స్వాప్‌లేబుల్, జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) గుర్తులకు ఎస్‌జీడిస్క్‌లో పెద్ద జీ. మౌంట్ తీసేసి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి చేయాల్సిన పని ఇది. తర్వాత ఎఫ్‌స్టాబ్ సరిదిద్ది, బూట్ మొదలుపెట్టే గ్రబ్‌నీ, ఆ వెంటనే వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌నీ మళ్లీ తయారుచేయాలి. ఆఖరిది మర్చిపోతే హైబర్నేట్ కోసం రాసిపెట్టిన పాత స్వాప్ యూయూఐడీ కోసం బూట్ సమయంలో కాసేపు ఎదురుచూస్తూ కూర్చుంటుంది. "ఎందుకో బూట్ అరనిమిషం ఆలస్యమవుతోంది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే.

క్లోనింగ్ చేయకుండా, ప్రతి ల్యాప్‌టాప్‌లో విడివిడిగా ఇన్‌స్టాల్ చేసినా, డిస్కు జాగాని వాల్యూమ్ గ్రూప్‌గా కట్టి పంచే ఎల్‌వీఎం వాడితే ఇంకో మెలిక ఉంది. ఇన్‌స్టాలర్ వాల్యూమ్ గ్రూప్‌కి తనే ఒక పేరు పెడుతుంది. ఉబుంటు 20.04లో అది ఏ ల్యాప్‌టాప్‌లోనైనా 'వీజీఉబుంటు'యే. ఒకదాని డిస్కు ఇంకోదానికి తగిలిస్తే ఒకే పేరుతో రెండు గ్రూపులు. అప్పుడు గ్రూప్ యూయూఐడీ చూసి, దానితో వీజీరీనేమ్ కమాండ్ ఇచ్చి ఒకదాని పేరు మార్చాకే లోపలికి వెళ్లగలం. డెబియన్ ఇన్‌స్టాలర్ మాత్రం ఆ మెషిన్ హోస్ట్‌నేమ్‌కి 'వీజీ' అని తోక తగిలిస్తుంది. చూడడానికి చాలా చిన్న సంగతి. కానీ నలుగురూ ఒకచోట కలిసే రోజు వస్తుందని ముందే ఊహించి ఇంటిపేరు పెట్టినట్టు ఉంది.

అదే డెబియన్ ఎన్‌క్రిప్షన్ దగ్గర మాత్రం దెబ్బతింది. ల్యాప్‌టాప్ పోతే డేటా పోకూడదని లక్స్ అనే డిస్కు ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటారు. డెబియన్ ఇన్‌స్టాలర్ తెరిచిన డిస్కుకి ఇన్‌స్టాల్ నాటి పేరుతోనే ఎస్‌డీఏ3_క్రిప్ట్ లాంటి పేరు పెట్టి క్రిప్ట్‌టాబ్ అనే ఫైల్‌లో రాసేస్తుంది. తర్వాత ఆ సిస్టమ్‌ని ఎన్‌వీఎంఈ డిస్కు మీదికి మార్చినా పేరు ఎస్‌డీఏ3_క్రిప్ట్‌గానే మిగులుతుంది. ఆ మెషిన్‌లో ఎస్‌డీఏ అనేదే ఉండకపోవచ్చు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. పని ఆగదు, నిజమే. కానీ ఆ పేరు చూసి కమాండ్ కొట్టేవాడు ఎస్‌డీఏ3 ఎక్కడుందా అని వెతుకుతాడు, పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే దానిమీదే చేయి వేస్తాడు. ఫెడోరా లక్స్ అనే మాట పక్కన యూయూఐడీ తగిలిస్తుంది. అందంగా ఉండదు, అబద్ధం మాత్రం చెప్పదు.

ఇన్ని ల్యాప్‌టాప్‌ల మధ్య మనిషి గుర్తుపెట్టుకోగలిగింది లేబుల్ ఒక్కటే. యూయూఐడీ ఆధార్ నంబరు అనుకుంటే లేబుల్ ఇంట్లో పిలిచే పేరు. పిలవడానికి సుఖం, కానీ వీధికో చిన్నా ఉన్నట్టు ప్రతి మెషిన్‌లోనూ 'రూట్', 'హోమ్', 'డేటా' అని పెట్టుకుంటే ప్రయోజనం సున్నా. లేబుల్‌లో ముందు మెషిన్ గుర్తు, తర్వాత పని ఉంటే ఏ డిస్కు ఎక్కడికి వెళ్లినా తేలిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లోనే పాత ల్యాప్‌టాప్‌కి 'పాత-రూట్', 'పాత-హోమ్', బ్యాకప్ డిస్కుకి 'బ్యాకప్-ఏ'. లేబుల్‌లో ఖాళీ వదలకపోవడం మంచిది. యూడెవ్ దాన్ని లింక్‌లో ఒక విధంగా రాస్తుంది, ఎఫ్‌స్టాబ్ ఇంకో విధంగా అడుగుతుంది.

లేబుల్‌ని తెలుగులో పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు గానీ జాగా ఇరుకు. ఈఎక్స్‌టీ4 లేబుల్‌కి 16 బైట్లు, ఎక్స్ఎఫ్ఎస్‌కి 12. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతపు గుర్తుకి మూడు, పొల్లుకి మూడు విడిగా. 'అమ్మ' అంటే కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కి అ, మ, పొల్లు, మ కలిపి నాలుగు, అంటే 12 బైట్లు. ఎక్స్ఎఫ్ఎస్‌లో సరిగ్గా సరిపోతుంది. 'హైదరాబాద్' 27 బైట్లు, రెండిట్లోనూ పట్టదు. ఫ్యాట్ లేబుల్‌కి 11 బైట్లే కాబట్టి, ఆ ఫార్మాట్‌లో ఉండే పెన్‌డ్రైవ్‌కి తెలుగు పేరు ఆశ వదులుకోవడమే మేలు. వీటిలో బీటీఆర్ఎఫ్ఎస్ ఒక్కటే 255 బైట్ల దాకా ఉదారంగా ఇస్తుంది.

బయటి బ్యాకప్ డిస్కు ఎఫ్‌స్టాబ్‌లో ఉంటే ల్యాప్‌టాప్‌లో ఇంకో చిక్కు వస్తుంది. డిస్కు ఇంట్లో, ల్యాప్‌టాప్ ప్రయాణంలో. బూట్ సమయంలో సిస్టమ్‌డీ ఆ డిస్కు కోసం 90 సెకన్లు చూసి, రాలేదని ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడేస్తుంది. 'నోఫెయిల్' అనే ఆప్షన్ ఒక్కటి రాసి ఉంటే చాలు, డిస్కు లేకపోయినా బూట్ సాగుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో చేయి పెట్టిన ప్రతిసారీ రీబూట్‌కి ముందు ఫైండ్‌మౌంట్‌ని వెరిఫై ఆప్షన్‌తో నడిపితే, లేని యూయూఐడీ రాసి ఉంటే అప్పుడే చెప్పేస్తుంది. ఎఫ్‌స్టాబ్ లేకుండా డెస్క్‌టాప్ తనంతట మౌంట్ చేసే పద్ధతిని నమ్ముకుంటే, ఉబుంటులో డిస్కు మీడియా డైరెక్టరీ కింద, ఫెడోరాలో రన్ కింద ఉన్న మీడియాలో తెరుచుకుంటుంది. అదే లేబుల్‌తో ఇంకోటి ముందే ఉంటే పేరు చివర 1 చేరుతుంది. ఒక ల్యాప్‌టాప్‌లో రాసిన బ్యాకప్ స్క్రిప్టు ఇంకోదాంట్లో ఖాళీ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తూ పోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మౌంట్ చేయడానికి సరుకు పేరు చాలు. తుడిచే పనులు వేరు. డీడీ, ఫార్మాట్, పార్టిషన్ మార్పుల్లో సరుకు పోతుంది, దానితో యూయూఐడీ, లేబుల్ కూడా పోతాయి. అక్కడ నిలిచేది డబ్బా పేరే. ముందుగా డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ని సైజు, మోడల్, సీరియల్, ట్రాన్ (కనెక్షన్ రకం) కాలమ్‌లతో అడిగితే ఏది సాటా, ఏది ఎన్‌వీఎంఈ, ఏది యూఎస్‌బీ అన్నది ఒక తెర మీద కనబడుతుంది. అందులోంచి పెన్‌డ్రైవ్‌ని గుర్తుపట్టి, నోట్స్‌లో ఎస్‌డీఏ బదులు 'యూఎస్‌బీ' అని మొదలయ్యే దాని బై-ఐడీ దారి పూర్తిగా రాసుకుంటే, ఆ కమాండ్ ఏ ల్యాప్‌టాప్‌లో అతికించినా లోపలి డిస్కు జోలికి పోదు. లోపలివి మామూలుగా 'ఏటీఏ' అనో 'ఎన్‌వీఎంఈ' అనో మొదలవుతాయి.

పెన్‌డ్రైవ్ పెట్టకుండానే ఆ కమాండ్ కొడితే? డెవ్ అనేది మెమరీలో ఉండే డైరెక్టరీ. రూట్ (అడ్మిన్) అధికారంతో నడిచే డీడీ, ఆ పేరుతో ఏమీ లేదని చూసి అక్కడే మామూలు ఫైల్ ఒకటి సృష్టించి రాయడం మొదలుపెడుతుంది. కొన్ని సిస్టమ్‌లలో జాగా చాలక వెంటనే ఆగిపోతుంది. కొన్నిటిలో ఐఎస్ఓ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి, పెన్‌డ్రైవ్‌కి ఎప్పుడూ లేనంత వేగంగా పని అయిపోయిందని చూపిస్తుంది. దానికీ మందు ఉంది. కమాండ్ చివర 'కాన్వ్' దగ్గర 'నోక్రియేట్' అని కలిపితే, ఆ పేరు అక్కడ ముందే ఉంటేనే డీడీ చేయి వేస్తుంది. లేకపోతే అలాంటి ఫైల్ ఏదీ లేదని ఒక లైను చెప్పి ఊరుకుంటుంది.